తాబేలు పెట్టిన తప్పు సంతకం

పిల్లలకు సంతకాల పుస్తకం కొనాలా వద్దా అని నన్ను మాత్రం అడక్కండి. మా వీధిలో ఎవరు ఫ్లోరిడా పార్కులకు బయల్దేరినా ముందు నా గుమ్మం ఎక్కుతారు. "రొవీనా, నువ్వు అక్కడ పనిచేశావుగా, నువ్వే చెప్పు. ఆ బొమ్మ వేషాల వాళ్ళ సంతకాల కోసం పిల్లల్ని గంటలు గంటలు ఎండలో నిలబెట్టడం దండగ కదూ?" అంటుంది ఒకావిడ. "పోనిద్దూ, పిల్లలకి గుర్తుగా ఉంటుంది" అంటుంది ఇంకొకావిడ. నేను మాట మారుస్తాను, లేకపోతే కసురుతాను. కసరడం నాకు కొత్త కాదు గనక ఎవరూ పట్టించుకోరు. మొన్న నా మేనకోడలు తన కూతురి కోసం ఎర్రట్ట పుస్తకం ఒకటి కొనుక్కొచ్చి, "అత్తా, ఇది బాగుందా?" అని ముచ్చటగా చూపించింది. నేను వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఊరికే నిలబడ్డాను. పాపం, ఏమనుకుందో ఏమో! దానితో చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతున్నాను.

తొమ్మిదేళ్ళు నేను తాబేలుని. సైప్రస్ కోవ్ పార్కులో ఒబెడ్ అనే ముసలి తాబేలు వేషం నాది. నా ఎత్తు ఐదడుగుల ఒక్కంగుళం. చిన్నప్పటి నుంచి అందరూ వెక్కిరించిన ఆ ఎత్తు అన్నం పెట్టింది ఆ ఒక్క చోటే. నాతో కలిపి ఐదుగురం వంతులేసుకుని ఆ డిప్పలో దూరేవాళ్ళం. కానీ పిల్లలకు మాత్రం ఒబెడ్ ఒక్కడే. కాబట్టి ఐదుగురి నడకా ఒకటే, ఐదుగురి సంతకమూ ఒకటే. మొదటి అక్షరం గుండ్రంగా డిప్పలా గీసి, లోపల మూడు గీతలు పెట్టి, చివరి అక్షరానికి పొట్టి తోక తగిలించాలి. పనిలో చేరిన మొదటి రెండు వారాలూ ఆ లావుపాటి నాలుగు వేళ్ళ చేతి తొడుగులు వేసుకుని దస్తాల కొద్దీ కాగితాల మీద అదే గీయించారు. పోయినేడు పెట్టించుకున్న సంతకం పక్కన ఈ ఏటిది పెట్టి, ఎనిమిదేళ్ళ వెధవ ఒకడు భూతద్దం వేసి మరీ చూస్తాడు మరి!

ఇంకో నియమం ఏమిటంటే తాబేలు మాట్లాడకూడదు. అవును, కాదు, రా, కూర్చో, ముద్దొస్తున్నావు, అన్నీ చేతులతోనూ తలతోనూ చెప్పాలి. మాటలన్నీ పక్కన నిలబడే తోడు మనిషివి. నా తోడు లైల్ అని, నాకంటే ఐదారేళ్ళు పెద్దవాడు. బక్కపలచటి మనిషి, మాట మాత్రం ములుకు. "రొవీనా, దేవుడు నీకు నోరిచ్చి పొరపాటు చేశాడు. పార్కువాళ్ళు డిప్పేసి దిద్దుకున్నారు" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది గాని, అన్నది నిజమే. బయట నా నోటికి జడిసి ఇద్దరు మొగుళ్ళు వదిలేసి పోయారు, అక్కచెల్లెళ్ళు దూరమయ్యారు. డిప్పలో దూరగానే లోకమంతా నన్ను కౌగలించుకునేది. రోజుకు మూడు నాలుగు వందల మంది పిల్లలు. ఆ తొడుగు లోపల చెమటకంపులో, చిన్న ఫ్యాను గాలికి, నేను ఎంత సంతోషంగా ఉండేదాన్నో ఎవరికి తెలుసు?

ఆ సంతోషానికే ముప్పు వచ్చి ఉంది అప్పటికి. ఫ్యాను పాడైందని పై అధికారి మీద అరిచినందుకు ఒకసారి హెచ్చరిక కాగితం ఇచ్చారు. ఎండకు తాళలేక, జనానికి కనపడకుండా తెర వెనక్కి దాటకముందే తాబేలు తల ఊడదీసినందుకు రెండోసారి ఇచ్చారు. మూడోసారి కాగితం ఉండదు, గేటు చూపిస్తారు. నలభై ఒకటో ఏట నన్ను ఎవరు పిలిచి పని ఇస్తారు? అది రాత్రీ పగలూ నన్ను తొలుస్తుండేది.

తొంభై ఆరు వేసవిలో ఒక రోజు. పొద్దున్నే ఆఫీసువాళ్ళు భోజనాల గదిలో కాగితాల కట్ట ముందు పడేశారు. ఆసుపత్రి బీమా మారింది, ఇక్కడ సంతకం, అక్కడ సంతకం, వెనక పేజీలో మళ్ళీ సంతకం. ఇరవై రెండు చోట్ల రొవీనా పికెట్, రొవీనా పికెట్ అని గీకాను. చదవడం కూడా చదవలేదు. ఆఖరి కాగితం మీద సిరా ఆరకముందే లైల్ వచ్చి, "లేమ్మా తల్లీ, జనం కాచుక్కూచున్నారు" అని డిప్ప పట్టుకుని నిలబడ్డాడు.

ఆ లైనులో వచ్చింది ట్రూడీ. ఏడేళ్ళుంటాయి, ముందు పళ్ళు రెండు లేవు, గుండెలకు హత్తుకుని ఆకుపచ్చ పుస్తకం. వెనక వాళ్ళమ్మ మేవిస్. ఇండియానా నుంచి కారులో రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చారట. ఆవిడ వస్తూనే లైల్‌తో మొదలుపెట్టింది. అడిగిందెవరు, చెప్పిందెవరు!

"ముప్ఫై ఒక్క సంతకాలయ్యాయండీ. నాలుగు రోజుల్నుంచి ఇదే యజ్ఞం. నిన్న ఈవిడగారు ఏం చేసిందో తెలుసా? ఆ కొంగరాణి వేషం దగ్గర లైను మూసేశారని, తనే కొంగరాణి సంతకం గీసేసుకుంది! పైగా నాకు చూపించి, 'అమ్మా, రాణి పెట్టింది' అంటుంది. నేను గుర్తుపట్టలేనా?"

"పోనీలెండి మేడం, చిన్నపిల్ల" అన్నాడు లైల్.

"చిన్నపిల్లేమిటండీ! మా ఇంట్లో అన్నీ చెల్లుతాయి, అబద్ధం చెల్లదు. ఇంకొక్క అబద్ధం ఆడిందంటే పుస్తకం చెత్తబుట్టలోకే అని చెప్పా. చెప్పానా లేదా?"

ట్రూడీ తల దించుకుని చెప్పులకేసి చూస్తోంది. లైనులో వాళ్ళంతా వింటున్నారు. నాకు ఆ తల్లి నోరు నొక్కేయాలనిపించింది. చేసేదేముంది? మోకాళ్ళ మీద కూచుని రెండు చేతులూ చాచాను. పిల్ల పరిగెత్తుకొచ్చి నా డిప్పకు అతుక్కుపోయింది. నా మెడ దగ్గర, నేను బయటికి చూసే జాలీకి నోరు ఆనించి, ఎవరికీ వినపడకుండా అంది: "ఒబెడ్, నేనింక అబద్ధం ఆడను. అమ్మకి కాదు, నీకే చెబుతున్నా." దాని ఊపిరి వేరుశనగల వాసన వేసింది. నేను వీపు నిమిరి, గుండె మీద చెయ్యేసుకుని, నమ్మానన్నట్టు తలాడించాను.

తర్వాత లైల్ పుస్తకం పట్టుకున్నాడు, నేను మార్కర్ పెన్నుతో సంతకం పెట్టాను. ఆ జాలీలోంచి పేజీ ఓ మూల మాత్రమే కనిపిస్తుంది, చెయ్యి వాటంకొద్దీ రాసుకుపోవడమే. లైల్ లైనుకేసి చూస్తున్నాడు. పిల్ల నాకేసి చూస్తోంది. పుస్తకం మూసి ఇచ్చేశాం. ఫొటో తీశారు, వెళ్ళారు.

రెండు కుటుంబాలు దాటాయో లేదో, తల్లి పిల్ల రెక్క పట్టుకుని లైను పక్కనుంచి ఈడ్చుకుంటూ వచ్చింది.

"ఏవండీ! ఇది చూడండి! ఇక్కణ్ణుంచి ఆ కుళాయి దాకా వెళ్ళామో లేదో, ఇది చేసిన నిర్వాకం! ఒబెడ్ పేజీలో ఎవరిదో పేరు! రొవీనా పికెట్ అట! ఎవరే ఈ రొవీనా పికెట్? ఎవరి చేత రాయించావే?"

నా పేరు ఆ మైదానంలో అంత గట్టిగా వినపడేసరికి డిప్పలో నా చెమట చల్లబడిపోయింది. ఆ పొద్దున్న ఇరవై రెండు సార్లు గీకిన చెయ్యి ఇరవై మూడోసారీ అదే గీకింది. లైల్ చప్పున నాకేసి తిరగడం జాలీలోంచి కనిపించింది.

"ఒబెడే రాశాడమ్మా" అంది ట్రూడీ. "నిజంగా. నేను చూశా."

"మళ్ళీనా? నిన్న రాణి, ఇవాళ తాబేలూనా? ఇందాకే కదే ఒట్టేశావు!"

"ఒబెడే రాశాడు."

మేవిస్ పుస్తకం తెరిచి నా జాలీ ముందు పెట్టింది. ఇప్పుడు మొత్తం కనిపించింది. నా రాతే. పికెట్‌లో చివరి అక్షరానికి నేను కొట్టే అడ్డగీత కూడా ఉంది. "ఏం ఒబెడ్, నువ్వే చెప్పు" అంది ఆవిడ. మాట కరుకుగా లేదు, నవ్వుతోనే అడిగింది. "ఇది నువ్వు రాసిందేనా? నువ్వు చెబితే నేను నమ్ముతా. మా ట్రూడీ కూడా ఒప్పుకుంటుంది. ఏమే, ఒప్పుకుంటావుగా?"

"ఊఁ" అంది ట్రూడీ. ధీమాగా అంది. సాక్షి తన వైపే ఉన్నాడు కదా మరి.

లైనంతా మావైపే చూస్తోంది. తండ్రుల భుజాల మీద పిల్లలు, వీడియో కెమెరాలు. అవునని తల ఒక్కసారి కిందికి వంచితే చాలు. వేషంలో ఉండి సొంత పేరు బయటపెట్టడమంటే మూడో తప్పే, అది నా కళ్ళ ముందు ఆడింది. గేటు ఆడింది. ఈ డిప్ప లేకుండా నన్ను ముట్టుకునే మనిషి ఈ లోకంలో లేదన్న సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చి చచ్చింది. నేను తల అడ్డంగా ఊపాను.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. అలవాటైన వేషం కదా! ఒళ్ళంతా ఊపాను. రెండు చేతులూ పొట్ట మీద వేసుకుని, పకపకా నవ్వుతున్నట్టు వెనక్కీ ముందుకీ ఊగి, ట్రూడీకి వేలు చూపించి బెదిరించాను. జనం విరగబడి నవ్వారు. ఆ ఊగుడు చూస్తే ఎప్పుడూ నవ్వుతారు.

"ఒబెడ్‌కి ఒక్కటే పేరు మేడం, వేరే పేరు రాయడు" అన్నాడు లైల్.

ట్రూడీ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. దగ్గరికొచ్చి జాలీలోకి చూసింది. "ఒబెడ్, మర్చిపోయావా?" అంది. "నువ్వు ముసలివాడివి కదా, మర్చిపోయావేమో. ఇందాకే కదా రాశావు. గుర్తు తెచ్చుకో." తప్పించుకోవడానికి దారి కూడా ఆ పిల్లే చూపించింది నాకు! నేను వెనక్కి ఒక అడుగు వేసి, తరవాతి కుటుంబానికి చెయ్యి ఊపాను. వెనక తల్లి చెత్తబుట్ట మూత ఎత్తిన చప్పుడూ, పుస్తకం పడిన చప్పుడూ వినిపించాయి.

లోపలికి వచ్చాక లైల్ నా తాబేలు తల ఊడదీశాడు. నేను మంచినీళ్ళు తాగి, ఏదో ఒకటి అనాలి కాబట్టి అతని మీదే పడ్డాను.

"పుస్తకం పట్టుకున్నవాడివి చూసుకోవద్దూ? కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు?"

"నా కళ్ళు సరే. నేను పై వాళ్ళకు చెప్పనులే, భయపడకు" అన్నాడు.

"నేనేం భయపడలేదు. చిన్నపిల్ల, ఒబెడ్ నిజం అనుకుంటోంది. ఆ నమ్మకం చెడగొట్టకూడదనే..."

"ఆహాహా! ఎంత దయగల తల్లివి!" అన్నాడు లైల్. అతను నవ్వలేదు. "నేనూ అబద్ధమే ఆడాను రొవీనా. నీ కోసం ఆడాను. నువ్వు ఎవరి కోసం ఆడావు? పోనీ అవునని తలూపావనుకో. ముసలి తాబేలు, మతిమరుపు, పొద్దున స్నేహితురాలి పేరు తలుచుకుంటూ రాసేశాడమ్మా అని నేనే ఏదో కథ అల్లేవాణ్ణి. ఆవిడా నవ్వేది, పిల్లా నవ్వేది, పక్కపేజీలో ఇంకో సంతకం పెట్టేదానివి. నీ ఉద్యోగం నీకుండేది. ఆ మాత్రం తట్టలేదా?"

తట్టలేదు. నిజంగానే తట్టలేదు. అంత చిన్న ఉపాయం! దానికి నా నోరు కూడా అక్కర్లేదు. నాకు తల కొట్టేసినట్టయింది. డిప్ప లోపల చల్లదనానికి వేసుకునే ఐసు చొక్కా విప్పి, మామూలు పార్కు చొక్కా తొడుక్కుని, గుండె మీద పేరు బిళ్ళ గుచ్చుకుని బయటపడ్డాను. నాకు నలభై నిమిషాల విరామం ఉంది.

చెత్తబుట్టలో చెయ్యి పెట్టి వెదికితే పుస్తకం దొరికింది. అట్ట మీద ఎవరో నారింజరసం పారబోశారు. చొక్కా అంచుతో తుడిచాను. వాళ్ళను వెతుక్కుంటూ పడవల రేవు, రంగులరాట్నం, బొమ్మల కొట్టు అన్నీ తిరిగాను. దారి పొడుగునా మాటలు వల్లించుకున్నాను: 'అమ్మా, మీ అమ్మాయి నిజమే చెప్పింది. రొవీనా పికెట్‌ని నేనే. తప్పు నాది.' మూడంటే మూడు ముక్కలు. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. ఆ క్షణంలో నిజంగానే అనుకున్నాను, దేవుడి తోడు.

బయటికి వెళ్ళే గేటు దగ్గర ఐసుక్రీం బండి పక్కన బల్ల మీద ట్రూడీ కనిపించింది. చేతిలో రెండు వరసల ఐసుక్రీం. నాలికతో ఒక్కసారి కూడా నాకినట్టు లేదు, మోచేతి దాకా కారుతోంది. తల్లి బండివాడి దగ్గర, వీపు ఇటు పెట్టి, కాగితం రుమాళ్ళు అడుగుతోంది. నేను వెళ్ళి పిల్ల ముందు నిలబడ్డాను.

ముందు పుస్తకం చూసింది. తర్వాత నా మొహం చూసింది, అది దానికి ఏమీ చెప్పలేదు. తర్వాత నా గుండె మీది బిళ్ళ చూసింది. పెదాలు కదిలిస్తూ, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. రో... వీ... నా. కళ్ళెత్తి మళ్ళీ నన్ను చూసింది. ఈసారి నా మెడ దగ్గర చూసింది, సరిగ్గా ఆ జాలీ ఉండే చోట. నా ఎత్తు చూసింది. దానికి తెలిసిపోయింది.

"ఏం కావాలండీ?" అంటూ మేవిస్ ఇటు తిరిగింది.

నేను నోరు తెరిచాను. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది గాని, నా చెయ్యి మాత్రం లేచి బిళ్ళ మీద పడింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అరచెయ్యి మొత్తం పరిచి పేరు మూసేశాను. ఆవిడ ఇంకా బిళ్ళకేసి చూడనైనా లేదు.

"ఇది... చెత్తబుట్టలో దొరికింది" అన్నాను. "మీదేమోనని."

"అయ్యో, ఎండలో మీకెందుకమ్మా అంత శ్రమ!" అంది మేవిస్. మనిషి చల్లబడి ఉంది. ట్రూడీ నెత్తి మీద ముద్దు పెట్టుకుంది. "మాకు రాజీ అయిపోయిందిలెండి. ఇందాకే ఒప్పేసుకుంది, ఎవరో ఆవిడ చేత తనే రాయించానని. అందుకే ఐసుక్రీం. ఏమే, ఆంటీకి కూడా చెప్పు. సిగ్గేముంది, నిజం చెప్పడానికి?"

ట్రూడీ నా చేతికేసి చూస్తోంది. బిళ్ళ మీద పరిచిన నా వేళ్ళకేసి. ఐసుక్రీం చుక్క ఒకటి గౌను మీద పడింది. దాని కళ్ళల్లో కోపం లేదు. ఉంటే నేను ఓర్చుకునేదాన్ని. పెద్దవాళ్ళు కిందపడితే పిల్లలు చూసే చూపు ఒకటుంటుందే, లేపాలా వద్దా అని, అలా చూసింది. నేను చెయ్యి తీస్తానేమోనని కాసేపు ఆగింది కూడా. నేను తియ్యలేదు.

"ఒబెడ్ రాయలేదు" అంది ట్రూడీ. "నేనే అబద్ధం ఆడాను."

"చూశారా! ఇప్పుడు దాని మనసెంత తేలికయిందో!" అంది మేవిస్. నా చేతిలోంచి పుస్తకం తీసుకుని ముందుకు చాచింది. "ఇదిగో, నిజం చెప్పావు కాబట్టి ఇది మళ్ళీ నీదే. తీసుకో."

ట్రూడీ ఖాళీగా ఉన్న చెయ్యి వెనక్కి పెట్టుకుంది. "వద్దు" అంది.

"మొండిఘటం! సరే, ఆంటీ అంత దూరం తెచ్చిచ్చినందుకు థ్యాంక్సయినా చెప్పు."

చెప్పింది. బుద్ధిగా చెప్పింది, చెయ్యి వంకే చూస్తూ. మేవిస్ పుస్తకం నాకే ఇచ్చేసి, "మీరే పారేయండి, ఏమనుకోకండి" అని పిల్లను నడిపించుకు వెళ్ళింది. నా నోటికి అప్పుడు ఏ డిప్పా అడ్డం లేదు, ఏ నియమమూ లేదు. వాళ్ళు గేటు దాటి, కార్ల మధ్య కనిపించకుండా పోయేదాకా నేను ఆ బిళ్ళ మీంచి చెయ్యి తియ్యలేదు.